ఇంటి ముచ్చట: అరుపు వేరు, కోపం వేరు

పోయిన నెల ఈ పేజీలో పిల్లల చదువుల గురించి రాసిన. అది చదివి మా గల్లీలో ఒక చెల్లె బీడీల చాట చంకన పెట్టుకొని వచ్చింది. "అక్కా, పిల్లల సంగతి మంచిగ రాసినవ్. మొగుడు పెండ్లాల సంగతి ఎప్పుడు రాస్తవ్? మా ఇంట్ల నోరు తెరిస్తే లొల్లే. అందుకే నేను మాట్లాడుడే బంద్ చేసిన" అన్నది. ఆమెకు నీతులు చెప్పబుద్ధి కాలేదు. నేను కూడా రెండేండ్లు అట్లనే నోరు మూసుకున్నదాన్ని. ఆ ముచ్చటే ఈ నెల చెప్త.

మా ఆయన ఇక్కడ సోలాపూర్ పూర్వభాగ్‌లో ఇరవై ఆరేండ్ల నుంచి టవల్ సాంచాలు నడుపుతున్నడు. పన్నెండు గంటల పాళీ. ఇంటికొచ్చి "నీళ్లియ్యే!" అన్నడంటే గల్లీ చివరిదాకా వినపడేది. "సాంచాల మనుషులు గట్లనే మాట్లాడ్తరు బిడ్డా" అనేది మా అత్తమ్మ. అదీ నిజమే. షెడ్డులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. చేతి సైగ చూసి, పెదవులు చూసి అర్థం చేసుకుంటరు.

కానీ రాను రాను ఇంట్ల మాట కలవకుండ పోయింది. నేనొకటి అంటే ఆయన ఇంకొకటి అనేది. మళ్లీ చెప్తే "గొణుగుడెందుకు, సాఫ్‌గ చెప్పరాదా" అనేది. గట్టిగ చెప్తే "నా మీద అరుస్తవా" అనేది. పెండ్లప్పుడు మా అమ్మ చెప్పిన మాట యాదికొచ్చింది: నోరు మూసుకుంటే ఇల్లు చల్లగుంటది. మూసుకున్న. ఇల్లు చల్లగనే ఉన్నది, నాకే నిద్ర పోయింది. ఛాతి మీద బండ పెట్టినట్టుండేది. డాక్టరమ్మ అన్ని పరీక్షలు చేసి, ఏమీ లేదని, "ఇంట్ల ఎవరితోని మాట్లాడ్తవమ్మా?" అని అడిగింది. "బీడీలతోని" అన్న. నవ్వులాటకు అన్న మాటే, ఏడుపొచ్చింది.

దీనికన్నా పెద్ద దెబ్బ మా బిడ్డకు తగిలింది. పన్నెండో తరగతి రిజల్టు వచ్చిన రోజు ఉరికొచ్చి, నల్లా కాడ బిందె పడుతున్న వాళ్ల బాపు వెనక నిలబడి "బాపూ, డెబ్బై ఎనిమిది శాతం వచ్చింది" అన్నది. ఆయన తిరగలేదు. బిందె ఎత్తుకొని లోపలికి పోయిండు. పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి ఏదున్నా నాతోనే చెప్పేది. పది రోజులకు ఆయన నన్ను "దాని రిజల్టు ఇంకా రాలేదా?" అని అడిగిండు. ఎకసెక్కాలు ఆడుతున్నడనుకున్న. "నీకెందుకు" అన్న. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ నాకు సిగ్గయితది.

రెండేండ్లు గడిచినయి. బిడ్డ నర్సింగ్‌లో చేరింది. ఒకనాడు క్లాసులో చెవి గురించి పాఠం చెప్పిండ్రట. ఇంటికొచ్చి వాళ్ల బాపు వెనక నిలబడి "పాలు పొంగుతున్నయి బాపూ" అన్నది. ఆయన కదలలేదు. ముందుకొచ్చి అదే మాట అన్నది. "అయితే దించరాదూ?" అన్నడు. పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. మరునాడు సర్కారు దవాఖానకు తీసుకపోయినం.

అక్కడ ఆడియోమెట్రీ అని చెవి పరీక్ష చేసిండ్రు. డాక్టరు చెప్పింది నాకు అర్థమైనకాడికి చెప్త. మనం మామూలుగ మాట్లాడుకునే చప్పుడు 60 డెసిబెల్స్. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలకు మన చట్టం పెట్టిన హద్దు 90. షటిల్ సాంచాల షెడ్డులో ఆ హద్దు దాటుడు మామూలే. అట్ల ఏండ్ల తరబడి ఉంటే చెవి లోపలి సన్నటి వెంట్రుకల కణాలు చచ్చిపోతయి. అవి మళ్లీ మొలవవు. మొదట పోయేది సన్నని చప్పుళ్లు: ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, మాటల్లో స, త, క, ప లాంటి అక్షరాలు. అందుకే గొంతు వినపడుతది గాని మాట తెలవదు. పాలు, కాలు, తాలు అన్నీ ఒక్కతీరే ఉంటయి. ఆయనకు నేను గొణిగినట్టు, నాకు ఆయన పట్టించుకోనట్టు అనిపించింది అందుకే. తన గొంతు తనకే సరిగ వినపడక మనిషి గట్టిగ మాట్లాడుతడు. మేము దాన్ని కోపం అనుకున్నం.

రిక్షాలో వస్తుంటే బిడ్డ ఆయన చెయ్యి పట్టుకొని "బాపూ, నీకు తెలుసా?" అన్నది. "ఆరేడేండ్ల నుంచి తెలుసు" అన్నడు. "సేటుకు తెలిస్తే సాంచాల మీదికి రానిస్తడా? మీకు చెప్తే మీ నోట్ల ఆగుతదా?" పెండ్లిండ్లకు ఎందుకు రాడో అప్పుడు తెలిసింది. నలుగురు నవ్వితే ఎందుకు నవ్విండ్రో తెలవక తానూ నవ్వి, నవ్వి, అలసిపోయి పోవుడే మానేసిండట. మేము పొగరనుకున్నం. వినికిడి తగ్గిన మనిషికి ఒంటరితనం, దిగులు పెరుగుతయని, ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కూడా ఎక్కువైతదని డాక్టర్లు చెప్తున్నరు. అంటే నోరు మూసుకొని నేను ఒక మూల, చెవి దాచుకొని ఆయన ఒక మూల. ఒక్క గదిల ఇద్దరం ఒంటరిగ బతికినం.

అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా, మా ఇంట్ల ఇప్పుడు చేస్తున్నది చెప్త. వెనక నుంచి మాట్లాడం. ముందు భుజం తట్టి, వెలుతురులో ముఖం చూపించి మాట్లాడుతం. టీవీ, ఫ్యాను కట్టేస్తం. అర్థం కాకపోతే అదే మాట అరవకుండ వేరే మాటల్లో చెప్తం. డూటీ నుంచి రాంగనే అప్పులు, పెండ్లి సంబంధాల ముచ్చట్లు తియ్యం, ఎందుకంటే చప్పుడులోంచి వచ్చిన చెవి కొన్ని గంటలు ఇంకా మొద్దుబారి ఉంటది. "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట మానేసినం. "ఈ మాట నాకు బాధైంది" అంటున్నం. మొదట్ల నాకే నవ్వొచ్చింది, ఇప్పుడు అలవాటైంది.

సాంచాల మీద పనిచేసేటోళ్లు ఏడాదికొకసారి చెవి పరీక్ష చేయించుకోండి. చెవుల్ల దూది పెట్టుకుంటే చాలదు, చప్పుడు ఆపే ఇయర్ ప్లగ్గులు వేరే ఉంటయి. చప్పుడుతో వచ్చే చెవిటితనాన్ని మన చట్టం పనివల్ల వచ్చే రోగాల పట్టికలో చేర్చింది. కాబట్టి అది మన తప్పు కాదు, దాచుకునే సిగ్గూ కాదు. వినికిడి యంత్రాలకు కేంద్ర సర్కారు సాయం ఉన్నది, దవాఖానలో అడగండి.

ఇంకొక మాట. అరిచే ప్రతి మొగోడికి చెవుడు ఉన్నదని నేను అనను. చెయ్యెత్తేటోడి సంగతి వేరు. అది మాట కలవకపోవుడు కాదు, దెబ్బ. దానికి ఓర్పు మందు కాదు. 181కి ఫోన్ చెయ్యండి. నిద్ర పట్టక, దిగులుతో ఉన్నోళ్లు 14416కి చెయ్యండి. పైసలు పడవు, తెలుగులో మాట్లాడుతరు.

ఆయన చెవి తిరిగి రాదు. పోయిన రెండేండ్లు కూడా రావు. మొన్న బిడ్డ రెండో సంవత్సరం రిజల్టు వచ్చింది. నల్లా కాడికి పోయి, బిందె కింద పెట్టించి, ఆయన ముఖం రెండు చేతులతో తనవైపు తిప్పుకొని చెప్పింది. ఆయన గల్లీ అంతా వినపడేటట్టు "శాబాష్ బిడ్డా!" అని అరిచిండు. ఎవ్వరూ అది కోపమనుకోలేదు.

బీడీల చాటతోని వచ్చిన చెల్లె, ఇది నీకే. ఈ ఆదివారం మీ ఆయన వెనక నిలబడి మెల్లగ ఒక మాట అని చూడు. తిరగకపోతే మాట్లాడుడు బంద్ చెయ్యకు, ముందుకు పోయి నిలబడు.