పెద్ద టైర్లు వేస్తే సరిపోదు

సంపాదకులకు,

జీపుల మార్పుల మీద మీ ఆదివారం వ్యాసం ‘టైరు పెద్దది వేసి, ఎత్తు పెంచితే ఘాట్‌రోడ్డుకు ఢోకా లేదు’ అని తేల్చేసింది. ఏజెన్సీలో బళ్లు బాగుచేసేవాణ్ణి, ఒప్పుకోలేను. 29 అంగుళాల టైరు తీసి 33 వేస్తే స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 68 మీద పోతుంటుంది. చక్రం బరువు పెరిగినా బ్రేకులు పాతవే. ఎత్తు పెరిగిన బండి మలుపులో బోల్తాపడే ప్రమాదం ఎక్కువన్న ముక్క వ్యాసంలో లేనేలేదు.

తారు మీద కూడా ఫోర్‌వీల్ వేసుకోమనడం మరీ విడ్డూరం! థార్‌ లాంటి బళ్లలో సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పొడి తారు మీద జారే వీలుండదు గనక ఆ ఒత్తిడంతా గేర్లు, జాయింట్ల మీదే పడుతుంది.

అసలు చూడాల్సింది వేరే. లోతు వాగు దాటొచ్చాక డిఫరెన్షియల్ ప్లగ్ విప్పండి. ఆయిల్ పాలు పోసిన టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే; వెంటనే మార్చకపోతే బేరింగులు పోతాయి.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే అంది. టైర్లు కొనబోయే కుర్రాళ్ల కోసం కనీసం ఈ ముక్కయినా వచ్చే వారం వేయండి.

– ఒక జీపు మెకానిక్, పాడేరు