అరుపు మనది, సరుకు వాళ్ళది

1999 నవంబర్ 8, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం. న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం. ఈ అంకెలు నెట్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది, సిమెంటు మెట్ల మీద పాత పేపరు పరిచి, ఒళ్ళో స్టీలు క్యారియర్ పెట్టుకుని కూర్చున్న మా నాన్న. అమ్మ కట్టిచ్చిన పులిహోర మా ఇద్దరికీ పోగా పక్కాయనకి కూడా సరిపోయింది. ఆ పక్కాయన చేతిలో ట్రాన్సిస్టర్. ఓవర్ అయినప్పుడల్లా నాతో ఒకటే మాట: "బాబూ, బంతినే చూడకు, ఫీల్డర్లు ఎటు జరుగుతున్నారో చూడు." ఆయన పేరు నాకు తెలీదు. క్రికెట్ చూడటం నేర్పింది మాత్రం ఆయనే.

ఈమధ్య ఓ పెద్ద మ్యాచ్‌కి వెళ్ళాను. ఏ ఊళ్ళో అన్నది వదిలేద్దాం, ఎక్కడైనా వరస ఇంతే. టికెట్ కోసం ఆన్‌లైన్ క్యూలో నిలబడితే నా ముందు లక్షమందికి పైగా ఉన్నారు. నేనూ సాఫ్ట్‌వేర్‌వాణ్ణే, సర్వర్ల కష్టం తెలుసు కాబట్టి తిట్టుకోలేదు. తీరా గేటు దగ్గర మంచినీళ్ళ సీసా పారేయించారు, జేబులో చిల్లర తీసేయించారు. నా ముందున్న పెద్దావిడ చేతిలోంచి చపాతీల డబ్బా లాక్కుని చెత్త డ్రమ్ములో వేశారు. లోపల తిండికి వాళ్ళు చెప్పిందే రేటు. బంతికీ బంతికీ మధ్య డీజే మోత. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఫోన్ లైటు ఊపాలో పెద్ద తెర మీద ఆర్డర్లు. పక్కసీటు కుర్రాడికి ఫీల్డింగ్ గురించి ఒక్క మాట చెప్పాలన్నా చెవిలో అరవాల్సిందే. నేను అరవలేదు, అతను అడగనూ లేదు.

భద్రత కోసం అంటారు. నిజంగా అవసరమైనంత వరకు నేనూ ఒప్పుకుంటాను. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్ జనం సీసాలు విసిరి, స్టాండ్లలో నిప్పు పెడితే మ్యాచ్‌ని శ్రీలంకకి ఇచ్చేశారు. ఆ సిగ్గు మనదే. సీసాలు ఆపండి. కానీ పులిహోర ఎవరి తల పగలగొట్టింది? లోపల కొన్న సమోసా క్షేమం, ఇంటి చపాతీ ప్రమాదం ఎలా అయ్యాయి? లండన్ లార్డ్స్ మైదానానికి జనం ఇవాళ్టికీ ఇంటినుంచి బుట్టల్లో తిండి తెచ్చుకుంటారు. అక్కడ దాన్ని సంప్రదాయం అని మురిసిపోతారు.

అసలు సంగతి 2020లో బయటపడింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఐపీఎల్ యూఏఈలో, ప్రేక్షకులు లేకుండా జరిగింది. టీవీలో మాత్రం ఫోర్ కొడితే జనం హోరు వినిపించింది. రికార్డు చేసి పెట్టుకున్న హోరు! అంటే మన అరుపు లేకపోతే ఆట అమ్ముడుపోదని వాళ్ళకి తెలుసు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లు పలికాయి. అందులో మన గొంతు వాటా కూడా ఉంది. సినిమా షూటింగ్‌లో జనంగా నిలబడే జూనియర్ ఆర్టిస్టులకి రోజు కూలీ ఇస్తారు, భోజనం పెడతారు. ఇక్కడ మనమే డబ్బు కట్టి, డబ్బా పారేసుకుని జనంగా నటించి వస్తున్నాం.

పోనీ, టికెట్లయినా జనానికి దక్కుతున్నాయా? 2018 అక్టోబర్‌లో వెస్టిండీస్‌తో వన్డే ఇండోర్‌లో జరగాలి. ఉచిత పాసులు ఎవరికెన్ని అన్న దగ్గర బోర్డుకీ అక్కడి సంఘానికీ చెడి, మ్యాచ్ విశాఖపట్నానికి వచ్చింది. కోహ్లీ పదివేల పరుగులు దాటాడు, మ్యాచ్ టై అయింది, విశాఖవాళ్ళకి పండగే. మరి రైలు టికెట్లు కొనుక్కున్న ఇండోర్ అభిమాని సంగతి? ఆ తగవులో అతని ఊసే లేదు. 2019 ఇంగ్లండ్ ప్రపంచకప్ షెడ్యూలు ఏడాదికి పైగా ముందే ఇచ్చారు. 2023లో మన దగ్గర 100 రోజుల ముందు ఇచ్చి, ఆగస్టులో మళ్ళీ తొమ్మిది మ్యాచ్‌ల తేదీలూ వేళలూ మార్చారు. ఉప్పల్‌లో పాకిస్తాన్-శ్రీలంక మ్యాచ్ రెండ్రోజులు ముందుకు జరిగింది. సెలవు పెట్టుకున్నవాడి గొడవ ఎవరికి కావాలి?

ఇది కేవలం అసౌకర్యమైతే ఇంత రాయను. 2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం ఆసుపత్రి పాలయ్యారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట, కప్పు గెలిచిన సంబరంలో 11 మంది చనిపోయారు. గేటు లోపల చిల్లర పైసల్ని కూడా లెక్కపెట్టే వ్యవస్థ, గేటు బయట మనుషుల్ని లెక్కపెట్టలేకపోయింది.

"నచ్చకపోతే ఇంట్లో టీవీ చూసుకో" అనే మిత్రులున్నారు. మంచి సలహానే గానీ, అందరూ పాటిస్తే మళ్ళీ ఆ రికార్డు హోరే గతి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్ 77 పౌండ్ల టికెట్ పెడతామంటే, వేలమంది అభిమానులు సరిగ్గా 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. వాళ్ళు ఆటని వదల్లేదు, అరుపుని మాత్రం కాసేపు ఆపారు.

మనం అడగాల్సినవీ పెద్ద కోరికలేం కావు. స్టేడియంలో సీట్లెన్ని, అమ్మకానికి పెట్టినవెన్ని, పాసులకి పోయినవెన్ని, ప్రతి మ్యాచ్‌కీ ముందే ప్రకటించండి. డేటాబేస్‌లో ఉన్న అంకెలే, బయటపెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇంటి తిండిని తనిఖీ చేసి లోపలికి రానివ్వండి. తాగేనీళ్ళు ఉచితంగా ఇవ్వండి. ఓవర్ల మధ్య కాసేపు ఆ డీజేని ఆపండి, పక్కవాళ్ళతో మాట్లాడుకోనివ్వండి.

మొన్న నాన్నని మ్యాచ్‌కి రమ్మన్నాను. "క్యారియర్ రానిస్తారా?" అని అడిగాడు. రానివ్వరన్నాను.

"అయితే నువ్వెళ్ళిరా" అన్నాడు.