పాత బండికి కొత్త గేర్‌బాక్సు



పోయినేడు అమెరికాలో పెద్దమ్మాయి దగ్గర రెండు నెలలుండి ఏం చేశారు అయ్యగారూ అని చాలామంది అడిగారు. ఉన్నమాట చెప్తాను. ఎక్కువ రోజులు ఒక షెడ్డులో, పాత పికప్పు బండి పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను.

వాళ్లుండేది టెక్సాస్‌లో పొలాల మధ్య చిన్న ఊరు. పక్క పొలం పెద్దాయనకి 1951 నాటి షెవర్లే 3100 పికప్పు ఉంది. వాళ్ల నాన్న కొన్న బండి. ఆరు సిలిండర్ల ఇంజను, 92 గుర్రాల బలం, మూడే గేర్లు, గేరు కడ్డీ స్టీరింగు కిందే. ఆరేళ్లుగా రోడ్డెక్కలేదు. సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి.

బండి చెడిపోయి కాదు, రోడ్డు మారిపోయి ఆగింది. వెనక యాక్సిల్ నిష్పత్తి 4.11. బరువు లాగడానికి మంచిదే. కానీ గంటకు 55 మైళ్లు, అంటే మన లెక్కలో 88 కిలోమీటర్ల దగ్గర, ఇంజను నిమిషానికి 2,700 చుట్లు తిరగాలి. ఆ ఇంజనులో బేరింగులు మెత్తటి బాబిట్ లోహం పోసి చేసినవి. కనెక్టింగ్ రాడ్లు కింద తొట్టిలోని ఆయిలును చెంచాలతో తోడుకున్నట్టు తోడుకుంటాయి. గంటల తరబడి ఆ వేగాన తిప్పితే తట్టుకోవు. అందుకని పెద్దాయన 45 మైళ్లు దాటేవారు కాదు. ఒకరోజు వెనకనుంచి వచ్చిన పెద్ద లారీ అంగుళాల్లో తప్పించుకుపోయింది. ఆ సాయంత్రమే బండి షెడ్డులో పెట్టి తాళం వేశారట.

మా అల్లుడికి ఇనుమంటే పిచ్చి. 1980ల్లో అదే కంపెనీ ఎస్‌-10 అనే చిన్న పికప్పులో వాడిన టీ5 అనే ఐదు గేర్ల గేర్‌బాక్సు ఒకటి వెతికి తెచ్చాడు. అతను తెచ్చినదాంట్లో ఐదో గేరు నిష్పత్తి 0.76. అంటే అదే 55 మైళ్ల దగ్గర ఇంజను 2,050 చుట్లు తిరిగితే చాలు. గేరు కడ్డీ కూడా కాస్త ముందుకుంటుంది కాబట్టి పొడుగు సీటుకి అడ్డం రాదు.

పెద్దాయన తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. "నాన్న చెయ్యి పట్టిన కడ్డీ తీసేశాక అది నాన్న బండి ఎట్లా అవుతుంది?" అన్నాడు. నవ్వి తోసేసే మాట కాదది. మీలో కొందరికి పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక వేసే ఉపమానం కూడా ఈపాటికి గుర్తొచ్చి ఉంటుంది.

నాకూ షెడ్డులో అదే గుర్తొచ్చింది. అయితే అక్కడ తప్పు మాసికది కాదు, తడిసి ముడుచుకోని గుడ్డది. అది ముడుచుకుంటే పాత బట్ట చిరుగుతుంది. ఈ బండిలోనూ సరిగ్గా అదే పేచీ. దీని జాయింటు షాఫ్టు మన లారీలకి ఉన్నట్టు బయటికి కనపడదు, లావు గొట్టంలో మూసి ఉంటుంది. వెనక చక్రాలు బండిని ముందుకి తోసే బలం ఆ గొట్టం గుండానే గేర్‌బాక్సు మీదకి వస్తుంది. కొత్త గేర్‌బాక్సుకి ఆ తోపుడు మోసే ఏర్పాటే లేదు. అందుకని వెనక యాక్సిలూ మార్చాలి, తోపుడు కమాను కట్టల మీద పడాలి, షాఫ్టు కొత్తగా చేయించాలి. గేర్‌బాక్సు ఒక్కటే మార్చి ఊరుకుంటాం అనేవాళ్లు ఆ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇది నేను చదివి చెప్తున్నది కాదు, పోగొట్టుకుని చెప్తున్నది. మా నాయన గ్రామాలు తిరిగిన జీపుకి ఇరవై ఏళ్ల కిందట నేనే ఐదు గేర్లు పెట్టించాను. మేస్త్రీ గ్యాసు కట్టరుతో ఛాసిస్ అడ్డపట్టీ కోసేశాడు. షాఫ్టు వంపు ఎవరూ కొలవలేదు. నలభై దాటితే బండంతా వణికేది, జాయింటు క్రాసులు నెలకొకటి పోయేవి. పాతది మళ్లీ పెడదామంటే ఎక్కడుంది? పాత ఇనప సామాన్లవాడికి కేజీల లెక్కన అమ్మేశాను. ఆఖరికి జీపూ అదే దారిన పోయింది. అందులో మేస్త్రీ తప్పు కొంతే, నా తొందర ఎక్కువ.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నడవని బండిని నాన్న గుర్తని షెడ్డులో ఉంచడం కంటే గేర్లు మార్చి నడపడమే మంచిది. కానీ రేపు ఇంకొకరు విప్పి పాతది బిగించుకోగలిగేలా మార్చాలి. మా అల్లుడు ఛాసిస్‌కి కట్టరు తగలనివ్వలేదు. పాత క్లచ్చి హౌసింగు అలాగే ఉంచి, మధ్యలో పలక వేసి బోల్టులతో బిగించాడు. కాళ్ల దగ్గర విప్పే రేకు మూత ఒకటుంటుంది. కొత్త కడ్డీ కోసం దానికి బెజ్జం పెట్టకుండా వేరే రేకు కత్తిరించాడు. యాక్సిల్ కూడా పాత నిష్పత్తికి దగ్గరగా ఉన్నదే వెతికాడు. యాక్సిలూ ఐదో గేరూ రెండూ వేగానికే ఎంచుకుంటే ఆ చిన్న బలానికి బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. ఆశ ఎక్కువైతే వచ్చే తిప్పలివి.

స్టీరింగు కింది పాత కడ్డీని విప్పలేదు. కింద దేనికీ తగిలించి లేదు, ఊరికే ఉంది. తమ్ముడొచ్చి దాన్ని పైకీ కిందకీ ఆడించి, "ఇప్పుడిది బొమ్మ" అన్నాడు. అన్నాడే గానీ చాలాసేపు చెయ్యి తీయలేదు. పాత గేర్‌బాక్సుని ఆయిలు పట్టించి చెక్కపెట్టెలో పెట్టాం. మూత మీద ఏ బండిదో పెద్దాయన తన చేత్తోనే రాశారు.

ఒక్క విషయంలో అల్లుడితో వాదన పెట్టుకున్నాను. నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ము బ్రేకులే, అన్నిటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండరు గది. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. వేగం పెంచేముందు ఆపడం చూసుకోవద్దా బాబూ అన్నాను. "నిజమే మామయ్యా, రెండు గదుల సిలిండరు వేద్దాం" అన్నాడు. నేను విమానం ఎక్కేనాటికి అది ఇంకా రాలేదు. అది వచ్చి బిగించేదాకా పొలం గట్ల మీద మూడో గేరు దాటనని పెద్దాయన నాకు మాటిచ్చారు. పోయిన ఆదివారం ఫోనులో అడిగితే, ఇంకా మూడోదే నడుస్తోందట.