పీడనం పెంచినదెవరు?



ఎక్కడ సిలిండరు పేలినా, ఎక్కడ ట్యాంకు నుండి విషవాయువు వెలువడినా, మరునాటి అధికార ప్రకటనలో ఒకే మాట కనిపిస్తుంది: "సిబ్బంది నిర్లక్ష్యం". విచారణ మొదలు కాకముందే తీర్పు వెలువడుతుంది. సస్పెన్షన్ ఉత్తర్వు అందుకునేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న ఉద్యోగి. ఈ ఆచారాన్ని మేము ఖండిస్తున్నాము. ఇందుకు మాకు నినాదాలు అవసరం లేదు. హైస్కూలు భౌతికశాస్త్రం చాలు.

మూసిన పాత్రలో వాయుపీడనాన్ని నిర్ణయించేవి మూడు: ఎంత వాయువు ఉన్నది, ఎంత చోటు ఉన్నది, ఎంత వేడి ఉన్నది. వేడి మారకుండా చోటును సగానికి తగ్గిస్తే పీడనం రెట్టింపవుతుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రమిదే. చోటు మారకుండా వేడి పెరిగినా పీడనం పెరుగుతుంది. వంటగ్యాసు సిలిండరును ద్రవంతో నిండుగా నింపక కొంత ఖాళీ ఉంచేది కూడా ఇందుకే. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. ఆ ఖాళీ లేకపోతే ఉక్కు గోడే పగలాలి. మన రైల్వే సోదరులకు ఇది పుస్తకజ్ఞానం కాదు. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉన్నదో లేదో గేజిలో చూడనిదే వారు బండి కదిలించరు.

ఇక భోపాల్ సంగతి చూద్దాం. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారంలోని 610వ నంబరు ట్యాంకులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉన్నది. అందులో నీరు చేరింది. నీరు కలిస్తే ఆ ద్రవం వేడెక్కుతుంది, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అంటే వాయువు పెరిగింది, వేడి పెరిగింది, చోటు మాత్రం పెరగలేదు. రాత్రి 11 గంటలకు చదరపు అంగుళానికి 10 పౌన్లు చూపిన గేజి, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే 40 దాటింది. సేఫ్టీ వాల్వు తెరుచుకున్నది. వాల్వు తన పని తాను చేసింది.

చేయనిది ఎవరు? ద్రవాన్ని చల్లగా ఉంచే శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపివేశారు. వెలువడిన వాయువును కాల్చివేయవలసిన ఫ్లేర్ టవరుకు వెళ్లే గొట్టం ముక్కను మరమ్మతు పేరుతో ఊడదీసి ఉంచారు. విషాన్ని విరిచే స్క్రబ్బరుకు ఆ ఉద్ధృతిని తట్టుకునే శక్తి లేదు. ఖర్చు తగ్గింపు పేరుతో సిబ్బందిని కుదించారు. ఈ నిర్ణయాలలో ఏ ఒక్కటైనా రాత్రి షిఫ్టు ఆపరేటరు తీసుకున్నాడా?

అసంతృప్తితో ఉన్న ఒక కార్మికుడే కావాలని ట్యాంకులో నీరు పెట్టాడని కంపెనీ వాదించింది. వాదన కోసం ఒప్పుకుందాం. ఒక్క మనిషి చేతిలోని రబ్బరు గొట్టం ఒక నగరాన్ని చంపగలిగే స్థితిలో కర్మాగారాన్ని ఉంచినది ఎవరు? ఆ రాత్రి భోపాల్ స్టేషనులో మన రైల్వే సోదరులు విషవాయువు మధ్యనే నిలిచి బండ్లను సాగనంపారు. కొందరు విధి నిర్వహణలోనే ప్రాణాలు విడిచారు. కంపెనీ మాత్రం 1989లో 47 కోట్ల డాలర్లు చెల్లించి చేతులు కడుగుకున్నది. 2010లో భోపాల్ కోర్టు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష వేసింది. అమెరికా మాతృసంస్థ అధిపతి ఏనాడూ బోనెక్కకుండానే 2014లో మరణించాడు.

ఇది పాతకథ అనుకోకండి. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న యాత్రికుల పెట్టెలో, అక్రమంగా తెచ్చిన గ్యాసు సిలిండరు వల్ల మంటలు లేచి 9 మంది మరణించారు. ప్రమాదకర వస్తువులు బండి ఎక్కించరాదని 1989 నాటి రైల్వే చట్టమే చెబుతున్నది. చట్టం తనంత తాను పెట్టెలు తనిఖీ చేయదు. అందుకు మనుషులు కావాలి. చిన్న పోస్టాఫీసు కౌంటరులోని మన తపాలా సోదరుని పరిస్థితీ ఇంతే. కట్టివేసిన పార్సిలులో స్ప్రే డబ్బా ఉన్నదో, పుస్తకాలున్నవో చూసే సాధనం అతనికి లేదు. డబ్బా పగిలితే సంజాయిషీ మాత్రం అతనిదే.

భోపాల్ అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలలో కార్మికులకు భద్రతా కమిటీలలో స్థానాన్ని, ముంచుకొచ్చే ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కల్పించారు. వేలాది ప్రాణాలు పోయిన తరువాత దక్కిన హక్కు అది. మన యార్డులలో, పార్సిలు ఆఫీసులలో, సార్టింగు ఆఫీసులలో ఆ హక్కు కాగితం మీద కాక ఆచరణలో ఉండాలని మేము కోరుతున్నాము. ప్రమాదం జరిగినప్పుడు ముందుగా పరికరాల రికార్డు, ఖాళీ పోస్టుల జాబితా బయట పెట్టాలి. ఆ తరువాతనే ఉద్యోగిని ప్రశ్నించాలి.

యూనియన్లు సేఫ్టీ వాల్వుల వంటివని కొందరు పెద్దలు మెచ్చుకుంటారు. ఆ మెప్పు మాకు వద్దు. వాల్వు ఆవిరిని వదలగలదు గాని నిప్పు తగ్గించలేదు. ప్రతి బ్రాంచి రాబోయే సమావేశంలోనే తమ ఆఫీసులో పనిచేయని గేజీలు, గడువు తీరిన అగ్నిమాపక సిలిండర్లు, భర్తీ కాని పోస్టులు జాబితా రాసి, అధికారికి అందజేసి, రసీదు తీసుకోవాలి. రేపు ఏదైనా జరిగితే, ముందే తెలిసినది ఎవరికో ఆ రసీదే చెబుతుంది.