అర్ధరాత్రి ఫోనొస్తే...

ఆమధ్య ఒక శనివారం రాత్రి పన్నెండు దాటాక మా తలుపు చప్పుడైంది. తీసి చూస్తే పక్క వాటా అమ్మాయి. ముఖమంతా చెమట, చేతిలో రుమాల్లో చుట్టిన గొలుసు. “అక్కా, ఆయన్ని తాగి బండి నడిపాడని పోలీసులు పట్టుకున్నారట. ఎవరో ఫోన్ చేసి ముప్పైవేలిస్తే కేసు లేకుండా చూస్తానంటున్నాడు. తెల్లారగానే ఇది తాకట్టు పెట్టాలి. బావగారిని కాస్త తోడు పంపిస్తావా?” అంది. తాగిందేమో మొగుడు, తాకట్టుకు బయల్దేరింది మాత్రం భార్య గొలుసు!

ఆ రాత్రి ఆమెకేం చెప్పాలో నాకూ తెలియలేదు. డిగ్రీ చదివానన్న మాటే గానీ స్టేషనంటే నాకూ దడే. “పొద్దున్న దాకా ఎవరికీ పైసా ఇవ్వకు” అని మాత్రం అన్నాను. మర్నాడు లాయరైన మా పెద్దమ్మ కొడుకుని కూర్చోబెట్టి అన్నీ అడిగాను. “కథ రాస్తావా ఏంటి?” అని నవ్వాడు. కథ కాదు, ఈ ఫోను రేపు ఏ ఇంటికైనా రావచ్చు.

మొట్టమొదట తెలుసుకోవాల్సింది, ఇది హెల్మెట్ లేనందుకు కట్టే చలానాలాంటిది కాదని. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. 2019లో చట్టం సవరించక ముందు మొదటిసారి జరిమానా 2 వేలే. ఈ జరిమానా వేయాల్సింది కోర్టు. రోడ్డు మీద డబ్బు కట్టి రాజీపడే నేరాల జాబితాలో ఇది లేదు. అంటే ఆ ఫోన్ చేసినవాడు అమ్మజూపింది తన దగ్గర లేని సరుకు!

రెండోది, ఇది బెయిలు దొరికే నేరం. అడగడం హక్కే, దయ కాదు. ఈ కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, లాయరుతో మాట్లాడనివ్వాలి. కస్టడీలో పెడితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇక బండి సంగతి. తాగాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని సీజ్ చేయడానికి వీల్లేదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. పక్కన తాగనివాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు ఉంటే వాళ్లకివ్వాలి. లేదంటే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషనుకు తరలించాలి.

తాగి నడిపినవాడికి మళ్లీ లాయరెందుకు అని నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడలా అనుకోను. నిజంగా తాగాడా, ఎంత తాగాడు, నడిపింది అతనేనా... ఇవన్నీ రుజువు కావాలి. పరీక్ష స్లిప్పు మీద పేరు, సమయం సరిగా ఉన్నాయా? యంత్రాన్ని ఎప్పుడు సరిచూశారు? లాయరు ఇవి అడగడం దొంగతనం కాదు. చుక్క ముట్టని మనవాడు పొరపాటున ఇరుక్కున్నా కాపాడేవి ఆ ప్రశ్నలే కదా! మౌత్‌వాష్ పుక్కిలించినా, హోమియో చుక్కలు వేసుకున్నా కాసేపు నోట్లో ఆల్కహాలు నిలుస్తుంది. అలాంటప్పుడు సంగతి చెప్పి, పావుగంట ఆగి మళ్లీ ఊదించమని అడగాలి, రక్తపరీక్ష కోరాలి. అంతేగానీ ఊదనని మొండికేస్తే ఆ నిరాకరణే కోర్టులో ఎదురు తిరుగుతుంది. ఉల్లిపాయ నమిలితే, యాలక్కాయ బుగ్గన పెట్టుకుంటే యంత్రానికి తెలీదనడం ఉత్తమాట. వాసన మారుతుంది, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే ఆల్కహాలు మారదు.

కోర్టులో వరస చకచకా కదులుతుంటే “ఒప్పుకుంటున్నాను” అని తలూపేసి బయటపడతారు చాలామంది. తప్పు చేసినవాడు ఒప్పుకోవడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కాని అది శిక్ష పడిన నేరంగా రికార్డులో ఉంటుందని, లైసెన్సుకూ ఎసరు రావచ్చని తెలిసి ఒప్పుకోవాలి. అమెరికాలో పిల్లలున్న తల్లులకు ఇంకో మాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో హద్దు 80 మిల్లీగ్రాములు, మనకంటే ఎక్కువే. కాని తాగి నడిపి అరెస్టయితే కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం వాళ్లకుంది.

బండి ఎవరినైనా గుద్దితే మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. ప్రాణం పోతే నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, ఐదేళ్ల వరకు జైలు. ప్రాణాలు పోతాయని తెలిసే నడిపాడని తేలితే 105వ సెక్షన్, పదేళ్ల దాకా. దీనికి బెయిలు హక్కుగా రాదు. ముంబయిలో 2006లో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న ఏడుగురి ప్రాణాలు తీసిన కారు కేసులో కింది కోర్టు నిర్లక్ష్యమని ఆరు నెలలు వేస్తే, హైకోర్టు తెలిసి చేసిన నేరంగా భావించి మూడేళ్లు చేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నష్టపరిహారం బీమా కంపెనీ ముందు కట్టినా, తాగి నడిపాడు గనక తిరిగి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. పన్ను కలిసొస్తుందనో ముచ్చటపడో బండి మీ పేరు మీద కొన్నారా? అయితే నోటీసు వచ్చేది మీకే.

సరిగ్గా అప్పుడే అత్తవారి వైపు పెద్దలెవరో మెల్లగా ఓ మాట అంటారు. “డ్రైవరు నడిపాడని చెబుదాం.” లేదా “నువ్వే నడిపానని చెప్పమ్మా, ఆడదానివి, ఏమీ చేయరు.” దీనికి ఒప్పుకోకండి. నేరస్థుణ్ణి కాపాడటానికి తప్పుడు సమాచారమివ్వడం 238వ సెక్షన్ కింద మరో నేరం, ఆడదానికైనా సరే. భర్త పక్కన నిలబడటం వేరు, భర్త తప్పును మన నెత్తినేసుకోవడం వేరు. అవతల రోడ్డు మీద పడినవాడికీ ఓ ఇల్లుంది, ఆ ఇంట్లోనూ ఒక ఆడది ఫోనెత్తి ఉంటుంది.

హైదరాబాదులో పట్టుబడ్డవాళ్లకు ట్రాఫిక్ పోలీసులు గోషామహల్‌లో కౌన్సెలింగ్ పెట్టి, ఇంట్లోవాళ్లనూ వెంట తీసుకురమ్మనేవాళ్లు. మా పక్కింటి అమ్మాయికి ఆ సంగతి చెబితే “నేనేం తాగాననీ?” అంది ఉక్రోషంగా. నిజమే, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

లాయరుకు డబ్బుల్లేవని బ్రోకరు దగ్గరికి పోనక్కర్లేదు. స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంటుంది. ఫోను నంబరు 15100. మా పక్కింటాయనకు పదివేలు జరిమానా పడింది. రసీదిచ్చారు. గొలుసు ఆమె మెళ్లోనే ఉంది. స్కూటరు తాళం ఇప్పుడు శనివారం సాయంత్రాల్లో మా ఇంట్లో ఉంటోంది.