నిదానమే ప్రధానం

తెలుగులో నిదానమంటే తొందర లేకపోవటం. ఆయుర్వేదంలో నిదానమంటే రోగానికి మూలకారణం. ఆ కారణాన్ని కనిపెట్టే శాస్త్రానికీ అదే పేరు. మాధవనిదానమని వైద్యులకు ఒక గ్రంథమే వున్నది. ఒక్క మాటలో ఈ రెండర్థాలూ ఎట్లా కాపురం చేస్తున్నవో క్లాసులో పిల్లలకు చెప్పటానికి నేను కాస్త తంటాలు పడతాను. పాతకారు వున్న ఇంటివారికి మాత్రం చెప్పనక్కరలేదు.

రాజమండ్రిలో మా మామగారికి ఒక అంబాసిడరు వున్నది. 1960 తర్వాత వారి తండ్రిగారు కొన్నది. 1957 నుంచి 2014 దాకా ఈ దేశంలో తయారైన ఆ కార్లలో ఇది పాతకాపు. 1489 సి.సి. ఇంజను, ఎస్.యు. కార్బురేటరు. పోయిన మార్గశిరంలో దానికి జబ్బు చేసింది. తెల్లవారి స్టార్టు చేస్తే దగ్గు. చోకు లాగితే పలుకుతుంది, మూస్తే ఆగుతుంది. ఆక్సిలరేటరు తొక్కితే కార్బురేటరులోంచి టప్పున తుమ్ముతుంది. వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కేచోట, సరిగ్గా లారీ మీదికి వస్తున్నప్పుడే, నిలబడిపోతుంది. ఆరేడు కిలోమీటర్లు పోయాక మాత్రం, అసలు జబ్బన్నది ఎరగనట్టు హాయిగా నడుస్తుంది.

మెకానిక్కు వచ్చి ఒక నిమిషం విన్నాడు. "రింగులు పోయినయ్యండీ, ఇంజను దింపాలి," అన్నాడు. అతను చెప్పిన లెక్క విని మా బావమరిది, ఆ డబ్బు పెట్టేకంటే తూకానికి ఇచ్చేద్దామన్నాడు. ఇనుము కొనేవాణ్ణి ఆదివారం రమ్మని కబురు కూడా పెట్టాడు. "ఈ ఇంటి కోడళ్ళంతా ఆ కారులోనే గుమ్మంలోకి వచ్చారు," అని మా అత్తగారు వంటింట్లోంచి అన్నారు. మామగారు ఏమీ అనలేదు. గుడ్డ తీసుకొని బానెట్టు తుడుస్తూ వుండిపోయారు. పాతకార్ల మీద నాకు కొంత పిచ్చి వున్నమాట వాళ్ళకు తెలుసు. ఆదివారం దాకా నాకు గడువు దొరికింది.

రోగి చెప్పే మొదటి మాటలోనే సగం నిదానం వుంటుంది. ఈ కారు చెపుతున్నది ఒక్కటే మాట: చల్లగా వుంటే బాధ, వేడెక్కితే సుఖం. రింగులు అంతగా అరిగిన ఇంజను వేడెక్కినా నీలిపొగ వదులుతుంది, నూనె తాగుతుంది, గట్టు ఎక్కలేదు. మన కారుకు ఆ లక్షణాలేవీ లేవు. గేజి పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషను ఇంచుమించు సమానంగానే వున్నది. కనుక అడగవలసిన ప్రశ్న వేరు. చల్లని ఇంజనుకు లేనిదీ, వేడి ఇంజనుకు వున్నదీ ఏమిటి?

పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిసి మండుతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి సరైన పొత్తు. ఇంజను చల్లగా వున్నప్పుడు లోపలికి వెళ్ళే పెట్రోలులో చాలాభాగం ఆవిరికాక, చన్నీళ్ళ చెంబు మీద చెమ్మలాగా గోడలకు పట్టుకుంటుంది. మంటకు దక్కేది తక్కువ. అందుకని చోకు లాగి పెట్రోలు ఎక్కువగా పోస్తాము. వేడెక్కాక ఆ లోటు తనంతట తీరుతుంది. కార్బురేటరులోంచి తుమ్ము రావటం కూడా తరచు ఈ పెట్రోలు కరువుకే గుర్తు.

ఆయుర్వేదంలో రోగాన్ని గుర్తించే అయిదు మార్గాలలో ఉపశయమని ఒకటి వున్నది. మందో పథ్యమో ఇచ్చిచూసి, దేనితో ఉపశమించిందో దాన్నిబట్టి రోగమేదో తెలుసుకోవటం. ఇక్కడ చోకే ఉపశయం. సగం లాగి వుంచితే కారు బాగుపడింది. స్పార్కు ప్లగ్గులు విప్పిచూస్తే, లేత గోధుమరంగు వుండవలసినచోట సుద్దలాగా తెల్లబడివున్నవి. రెండు సాక్ష్యాలూ కలిసినవి: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

ఎందుకు తక్కువ? ఇక్కడే నిదానం కావాలి. ఒకసారికి ఒక్కటే ముట్టుకోవాలి. నాలుగూ కలిపి మార్చితే కారు బాగుపడవచ్చు గాని, ఏది బాగుచేసిందో తెలియదు. ముందు పాయింట్లు, ప్లగ్గుల సందులు చూశాము. సరిగానే వున్నవి. మానిఫోల్డు అతుకుల మీద నూనెకుప్పెతో రెండేసి చుక్కలు వేశాము. అక్కడ దొంగగాలి పోతూవుంటే ఇంజను చప్పుడు మారుతుంది. మారలేదు.

తర్వాత ఎస్.యు. కార్బురేటరు. ఇంగ్లండులో స్కిన్నరు సోదరులు కనిపెట్టినది. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరుకు పొట్టిరూపమే ఎస్.యు. వాళ్ళది చెప్పుల వ్యాపారపు కుటుంబం. మొదటి కార్బురేటర్లలో తోలుతిత్తి పెట్టారంటే ఆశ్చర్యం లేదు! తరువాత తిత్తి పోయి పిస్టను వచ్చింది. ఇంజను గాలి పీల్చినకొద్దీ పిస్టను లేస్తుంది, దానికి వేలాడే సన్నని సూది జెట్టులోంచి పైకి వచ్చి పెట్రోలుకు దారి ఇస్తుంది. చోకు లాగితే జెట్టు కిందికి దిగి ఆ దారి ఇంకా పెద్దదవుతుంది. పిస్టను ఒక్కసారిగా ఎగిరిపోకుండా, పైన గొట్టంలో కొంచెం నూనె వుంటుంది. ఆ నూనె పిస్టనును కాసేపు ఆపటంవల్లనే, ఆక్సిలరేటరు తొక్కగానే పెట్రోలు కాస్త చిక్కగా అందుతుంది.

పైమూత విప్పాను. పుల్ల పొడిగా వచ్చింది, చుక్క నూనె లేదు. పలచటి నూనె పోశాము. మర్నాడు పొద్దున గేరు వేసి తొక్కితే కారు తుమ్మలేదు, ఆగలేదు. అయినా వేడెక్కటానికి పూర్వంలాగానే చాలాసేపు పట్టింది.

అప్పుడు రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి వేశాను. థర్మోస్టాటు వున్న ఇంజనులో ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగా వుండి, తరువాత ఉన్నట్టుండి కాలుతుంది. ఇది మొదటి నిమిషంనుంచే గోరువెచ్చన. ఇంజను చల్లారాక మూత విప్పిచూస్తే లోపల థర్మోస్టాటే లేదు. ఏ రోహిణీకార్తెలోనో, కారు మరుగుతున్నదని ఎవరో పీకి పారేసివుంటారు. మన ఎండలకు దాంతో పనిలేదని చాలామంది అనుకుంటారు. కాని, అది లేకపోతే మంచుపొద్దున ఇంజను తన వేడినంతా రేడియేటరుకు దానమిస్తూ కూర్చుంటుంది. కొత్తది తెచ్చి, గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేసి, 80 డిగ్రీల దగ్గర తెరుచుకోవటం చూసి, అప్పుడు బిగించాము. మా అత్తగారు ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానియ్యలేదు.

మరి ఇన్నేళ్ళూ సాగిన బండి ఇప్పుడే ఎందుకు పడకేసింది? పెట్రోలు మారింది. 2022లో నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసింది. ఇథనాలుకు సరిపోయే గాలి 9 పాళ్ళే. కాబట్టి, పాత కొలతకు బిగించిన కార్బురేటరు దానికి గాలి ఎక్కువ పంపుతుంది. పైగా ఆవిరి కావటానికి ఇథనాలుకు పెట్రోలుకన్న రెండింతలకు పైగా వేడి కావాలి. జెట్టుకింది మరను ఒక పలక తిప్పి, వేడి ఇంజను మీద పరీక్షించాము. పిస్టనును వెంట్రుకవాసి పైకెత్తినప్పుడు వేగం ఒక్క క్షణం కాస్త పెరిగి సర్దుకుంటే కొలత సరి. పడిపోతే పెట్రోలు తక్కువ. పెరిగి అట్లాగే వుంటే ఎక్కువ. పాత రబ్బరుగొట్టాలకు ఇథనాలు పడదు కనుక వాటినీ మార్పించాము.

ఆదివారం ఇనుము కొనేవాడు వచ్చి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మామగారు అత్తగారిని కోటిలింగాలరేవు దాకా తీసుకువెళ్ళారు. నన్ను రమ్మనలేదు.

ఇంట్లో పాతకారు వున్నవారికి రెండు మాటలు. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. చోకు అవసరానికి మించి లాగి వుంచకండి, ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగేస్తుంది; లేని రింగుల జబ్బు అప్పుడు నిజంగానే వస్తుంది. ఇక ఎవరైనా ఒక నిమిషం విని ఇంజను దింపాలంటే, కార్బురేటరు మీది చిన్నమూత ముందు విప్పి చూడమనండి. దానికి పట్టేది ఇంకొక్క నిమిషం.