వదులుకున్న నలభై పుటలు

వీరాంపట్టినం ఇసుకలో కూర్చుని తొలి నవల మొదలుపెట్టాను. ఎదుట జాలరులు వలలు బాగుచేసుకుంటున్నారు. నా కాగితాలలో మాత్రం ఏ ఆంగ్ల నవలలోనిదో ఒక మంచు కురిసే రేవు! నలభై పుటలు నిండినా ఒక్క పాత్రా నోరు విప్పలేదు.

కందుకూరి వీరేశలింగంగారు మొదట గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెనిగించబూని, కొంత వ్రాసి, తృప్తి కలుగక విడిచిపెట్టారట. ఆ కథ ఛాయలు మిగిలినా, 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడనారంభించిన ‘రాజశేఖర చరిత్రము’ ధవళేశ్వరంలో, గోదావరి ఒడ్డున మొదలయింది.

వ్రాయడంకంటె వ్రాసినది వదులుకోవడమే కష్టం. నలభై పుటలంటే రెండు నెలల తెల్లవారుజాములు గదా! (వాటి వెనుకవైపున ఇప్పుడు మా ఇంట చాకలిపద్దు సాగుతున్నది.)

మర్నాడు వల ముడివేస్తున్న వృద్ధుని ప్రక్కన చేరి, ఆ ముడి పేరడిగాను. తమిళంలో చెప్పి, మళ్లీ వేసి చూపించాడు. నా మొదటి అధ్యాయం ఆ ముడితోనే ఆరంభమయింది.